పాత పేటలు, పాత నివాసులు: నగర పునర్నిర్మాణంలో దేన్ని కాపాడాలి?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నగర ప్రణాళికా విభాగాల నుంచి వచ్చిన అధికారులకు, ఇంజినీర్లకు, ఆర్కిటెక్చర్ విద్యార్థులకు, ఈ అంశం మీద శ్రద్ధతో వచ్చిన పౌరులందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది మామూలు ఇళ్ళ గురించి. కోటలకు, ప్రార్థనాలయాలకు, రాజభవనాలకు చాలా దేశాల్లో చట్టరక్షణ ఎప్పటినుంచో ఉంది. వాటిని కూల్చుతామని ఎవరైనా అంటే మరునాడే అది వార్త అవుతుంది. వంద, నూటయాభై ఏళ్ళ కిందట సామాన్యులు గోడకు గోడ ఆనించి కట్టుకున్న ఇళ్ళ వరుసలకు, వాటి నడుమ మలుపులు తిరిగే సందులకు, నాలుగైదు కుటుంబాలు పంచుకునే ప్రాంగణాలకు, కింద పని చేసుకుంటూ పైన కాపురముండే చిన్న మేడలకు ఆ రక్షణ చాలాచోట్ల లేదు. విడిగా చూస్తే వాటిలో ఏ ఒక్క ఇల్లూ గొప్ప కట్టడంగా కనిపించకపోవచ్చు. అన్నీ కలిస్తేనే అది పేట అవుతుంది, ఆ కలయికే దాని విలువ. పునర్నిర్మాణ పథకం ఏది వచ్చినా ముందుగా ఈ పేటల మీదే పడుతుంది, ఎందుకంటే అవి నగరం నడిబొడ్డున ఉంటాయి, అక్కడ నేల విలువ పెరిగిపోయి ఇంటి విలువ పడిపోయి ఉంటుంది, పైగా ఉండేవాళ్ళలో ఎక్కువమంది అద్దెకున్నవాళ్ళు కావడంతో పథకం రాసేవాళ్ళ ముందు వాళ్ళకు నోరుండదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పాత పేటను కాపాడామా లేదా అన్నదాన్ని పథకం మొదలైన రోజున అక్కడ కాపురమున్న కుటుంబాల్లో ఎన్ని, పని పూర్తయిన రోజున కూడా అక్కడే ఉన్నాయన్న లెక్కతో తేల్చాలి. చట్టం, డబ్బు, మరమ్మతు పద్ధతి, పనుల వరుస అన్నీ ఆ లెక్కకు లోబడాలి. గోడలూ కిటికీలూ చెక్కడాలూ ముఖ్యమే. వాటి మీద నాకు ఎంతో మక్కువ. అయితే ప్రపంచం గత డెబ్బై ఏళ్ళలో చేసిన ప్రయోగాలను చూస్తే, గోడలను మాత్రమే చూసుకున్నచోట గోడలు మిగిలాయి, పేటలు మిగలలేదు.

అమెరికాలో 1949లో వచ్చిన గృహనిర్మాణ చట్టం నగరాలకు ఒక పెద్ద అవకాశం ఇచ్చింది. శిథిలమైనదని ప్రకటించిన ప్రాంతాన్ని నగరం కొని, కూల్చి, చదును చేసి కొత్త నిర్మాణదారులకు అప్పగిస్తే, ఆ వ్యవహారంలో వచ్చే నష్టంలో మూడింట రెండు వంతులు కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. కూల్చడానికి ఇంత డబ్బు దొరికినప్పుడు, బాగుచేయడం అనే మాట ఎవరి నోటా రాలేదు. బాగుచేతకు కూడా ఆ సాయాన్ని వర్తింపజేసిన సవరణ 1954లో గానీ రాలేదు. బోస్టన్ నగరంలోని వెస్ట్ ఎండ్ అనే పేట ఆ విధానం కిందనే 1958 నుంచి రెండేళ్ళలో నేలమట్టమైంది. ఇటలీ నుంచి, తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన కార్మిక కుటుంబాలు తక్కువ అద్దెకు ఉండే ఇటుక మేడలవి. సుమారు 2,700 కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. ఖాళీ అయిన నేల మీద ఎక్కువ అద్దె కట్టగలవాళ్ళ కోసం ఎత్తైన భవనాలు లేచాయి.

అలా వెళ్ళిపోయిన కుటుంబాలను మార్క్ ఫ్రీడ్ అనే మనస్తత్వ పరిశోధకుడు కలిసి మాట్లాడి, 1963లో తన పరిశీలనలను ప్రచురించాడు. చాలామందిలో ఆయన చూసినది దుఃఖం, ఆప్తుణ్ణి పోగొట్టుకున్నప్పుడు కలిగే దుఃఖానికి దగ్గరగా ఉన్నది. కొందరిలో అది ఏళ్ళ తరబడి తగ్గలేదు. కొంతమంది వెళ్ళిన కొత్త ఇళ్ళు పాత ఇళ్ళ కన్నా మెరుగ్గానే ఉన్నాయి. అయినా దుఃఖం ఎందుకు? ఆ మనుషులకు ఇల్లు గుమ్మం దగ్గర ఆగిపోలేదు. మెట్లూ వీధీ మూలమలుపూ పక్కింటివాళ్ళూ బంధువులూ అందరూ ఆ ఇంట్లో భాగమే. నగర అధికారులు చేసిన సర్వేలో ఇవేవీ లేవు. మేడ వయసు, గదికి ఎంతమంది, మరుగుదొడ్డి విడిగా ఉందా ఉమ్మడిగా ఉందా, ఇవి మాత్రమే ఉన్నాయి. ఎంత అద్దెకు ఉంటున్నారు, ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, పనికి ఎంత దూరం నడుస్తున్నారు, పిల్లల్ని ఎవరు చూసుకుంటున్నారు అని అడిగి ఉంటే నివేదిక మరోలా వచ్చేది. శిథిల ప్రాంతమని ముద్ర వేసేది ఇలాంటి అసంపూర్ణ సర్వేయే. అందుకే సర్వే పత్రంలో ఏయే ప్రశ్నలు ఉండాలన్నది ఒక గుమాస్తా పని అనుకోకండి. పేట భవిష్యత్తు అక్కడే సగం తేలిపోతుంది.

ఇలాంటి కూల్చివేతల మీద వచ్చిన వ్యతిరేకత నుంచి పరిరక్షణ చట్టాలు పుట్టాయి. ఒక ప్రాంతాన్నంతటినీ చారిత్రకమైనదిగా గుర్తించి, ఇష్టం వచ్చినట్టు మార్చకుండా నియమాలు పెట్టిన తొలి అమెరికా నగరం చార్ల్‌స్టన్. అది 1931లోనే చేసింది. ఫ్రాన్స్‌లో అప్పటి సాంస్కృతిక మంత్రి పేరుతో ప్రసిద్ధమైన మాల్రో చట్టం 1962లో వచ్చింది. ఇంగ్లండ్ 1967లో పరిరక్షణ ప్రాంతాలను గుర్తించే అధికారం స్థానిక సంస్థలకు ఇచ్చింది. జపాన్ 1975లో సంప్రదాయ గృహ సముదాయాలను తన సాంస్కృతిక సంపద చట్టంలో చేర్చింది. ఒక్కొక్క కట్టడం నుంచి చూపు వీధి మీదకు, వీధి నుంచి పేట మీదకు మళ్ళడం చిన్న మార్పేమీ కాదు. అయినా ఆ చట్టాల్లో చాలావాటికి కనబడనిది ఒకటుంది.

ప్యారిస్ నగరంలోని మరే అనే పేటను చూడండి. పదిహేడో శతాబ్దపు ప్రభువుల భవంతులు తరువాతి కాలంలో ముక్కలై, వాటి ప్రాంగణాల్లో రేకుల షెడ్లు, చిన్న కార్ఖానాలు, పేద కుటుంబాల గదులు నిండాయి. మాల్రో చట్టం కింద ఆ పేటను పరిరక్షించాలనుకున్నప్పుడు, ప్రాంగణాల్లో తరువాత వచ్చిన నిర్మాణాలను తొలగించి భవంతులను మొదటి రూపానికి తేవాలని ప్రణాళిక వేశారు. భవంతులు నిజంగానే అందంగా బయటపడ్డాయి. ఆ షెడ్లలో పనిచేసే చేతివృత్తులవాళ్ళు మాత్రం తగ్గుతూ పోయారు, అద్దెలు పెరిగాయి, తక్కువ ఆదాయమున్న కుటుంబాలు నగరం అంచులకు జరిగాయి. ఇక్కడ ఎవరికీ దురుద్దేశం లేదు. పేట చరిత్రలో ఏ శతాబ్దం అసలైనది, ఏది చెత్త అని ఎవరో తేల్చారు. చెత్తగా లెక్కకట్టిన శతాబ్దంలో బతుకుతున్న మనుషులు ఆ తీర్పుతో పాటు కొట్టుకుపోయారు.

ఈ అనుభవం చూసిన తరువాతే యూరప్ దేశాల ప్రతినిధులు 1975లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమై చేసిన ప్రకటనలో, పాత ప్రాంతాల బాగుచేత వల్ల సాధ్యమైనంతవరకు అక్కడి నివాసుల సామాజిక కూర్పు పెద్దగా మారకూడదని స్పష్టంగా రాశారు. ఆ మాట వెనుక ఒక నగరం చేసి చూపించిన పని ఉంది. ఆ నగరం ఇటలీలోని బొలోన్యా.

బొలోన్యా నగరపాలక సంస్థ 1969లో తన చారిత్రక కేంద్రానికంతటికీ ఒక ప్రణాళికను ఆమోదించింది. ఆర్కిటెక్ట్ పియెర్ లుయీజి చెర్వెల్లాతి నాయకత్వంలో అక్కడి బృందం నగరంలోని కట్టడాలను రకాలవారీగా చదివింది. వీధి వైపు వెడల్పు తక్కువగా, లోపలికి పొడుగ్గా ఉండే వరుస ఇళ్ళు ఒక రకం. అవి నివాసానికే పుట్టాయి కనుక నివాసంగానే ఉండాలి. పెద్ద మఠాల వంటివి మరొక రకం. వాటిలో పేటకు కావలసిన ప్రజా సదుపాయాలు పెట్టవచ్చు. ఇంత పరిశీలన మరికొన్ని నగరాల్లోనూ జరిగింది. బొలోన్యా ప్రత్యేకత తరువాతి అడుగులో ఉంది. ఊరి బయట కొత్త ఇళ్ళు కట్టడానికి మాత్రమే వాడుకునే ప్రభుత్వ గృహనిర్మాణ నిధులను పాత ఇళ్ళ బాగుచేతకు మళ్ళిస్తామని 1973లో ఆ నగరం ప్రకటించింది. అంటే పాత పేటలోని కార్మికుడి ఇంటిని పురావస్తువుగా కాక, ప్రభుత్వం పౌరుడికి కల్పించవలసిన గృహవసతిగా చూసింది.

మొదట ఇళ్ళను ప్రభుత్వమే స్వాధీనం చేసుకోవాలని అనుకున్నారు. చిన్న యజమానులు భయపడి వ్యతిరేకించడంతో ఆ ఆలోచన మాని, యజమానులతో ఒప్పందాలకు దిగారు. బాగుచేతకు నగరం డబ్బు సాయం చేస్తుంది. దానికి బదులుగా యజమాని ఇప్పుడున్న అద్దెదారులను కొనసాగించాలి, ఒప్పుకున్న కాలం పాటు ఒప్పుకున్న అద్దెకు మించి తీసుకోకూడదు. పని జరిగే నెలల్లో కుటుంబాలు ఉండడానికి తాత్కాలిక నివాసాలను ముందే సిద్ధం చేశారు. అనుకున్నంత పెద్ద ఎత్తున ఆ పథకం సాగలేదు, డబ్బు చాలలేదు, రాజకీయాలు మారాయి. అయినా ఆ ఒప్పందం నమూనా నాకు ఇప్పటికీ అన్నిటికన్నా ఆచరణీయంగా కనిపిస్తుంది, ఎందుకంటే అది యజమానిని శత్రువుగా చూడలేదు, అద్దెదారును బరువుగా చూడలేదు, ప్రజాధనాన్ని షరతు లేకుండా ఎవరి చేతిలోనూ పెట్టలేదు.

ఇక బెర్లిన్ గురించి కొంచెం ఎక్కువసేపు చెప్పాలి. పశ్చిమ బెర్లిన్‌లో 1963లో మొదలైన పునర్నిర్మాణ కార్యక్రమం పంతొమ్మిదో శతాబ్దపు అద్దె మేడలను పెద్ద సంఖ్యలో కూల్చి కొత్తవి కట్టాలన్నది. క్రాయిట్స్‌బెర్గ్ పేటలో పథకం నీడ పడగానే యజమానులు మరమ్మతులు మానేశారు, ఇళ్ళు ఖాళీ అయ్యాయి, ఖాళీ ఇళ్ళు పాడయ్యాయి. ఒక పక్క ఇళ్ళు దొరక్క జనం తిరుగుతుంటే మరో పక్క కూల్చడం కోసం ఇళ్ళను ఖాళీగా ఉంచుతున్నారని, 1980 ప్రాంతంలో యువకులు ఆ మేడల్లోకి ప్రవేశించి తామే బాగుచేసుకుంటూ కాపురం పెట్టారు. ఘర్షణలు జరిగాయి. ఆ సంక్షోభం నడుమ పాత మేడల బాగుచేత బాధ్యత హార్ట్-వాల్టర్ హేమర్ అనే ఆర్కిటెక్ట్‌కు వచ్చింది. ఆయన అంతకు ముందే షార్లోటెన్‌బుర్గ్ ప్రాంతంలోని ఒక బ్లాకులో, జనాన్ని ఖాళీ చేయించకుండానే పాత మేడలను బాగుచేయవచ్చని, అది కూల్చి కట్టడం కన్నా ఖరీదైనదేమీ కాదని చేసి చూపించాడు.

ఆయన బృందం రూపొందించిన పన్నెండు సూత్రాలను 1983లో నగర ప్రతినిధుల సభ ముందుంచారు. వాటిలో మొదటిది, ఇప్పుడున్న నివాసులతో, అక్కడి వ్యాపారులతో కలిసి ప్రణాళిక వేయాలి, ఉన్న కట్టడాన్ని నిలబెట్టాలి అన్నది. భవనానికి ప్రమాదకరమైన లోపాలను వెంటనే సరిచేయాలి. మిగతా మెరుగులు దశలవారీగా, ఆ కుటుంబం భరించగలిగినంత మేర చేయాలి. కూల్చివేత తక్కువగా ఉండాలి. నిర్ణయాలు బహిరంగంగా, ఆ పేటలోనే చర్చించి తీసుకోవాలి. కేటాయించిన డబ్బు మీద నమ్మకం కుదరాలి, అది త్వరగా చేతికందాలి. వినడానికి ఇవి మామూలు మాటల్లా ఉంటాయి. ఆచరణలో అర్థం ఏమిటంటే, ఒకే మేడలో ఒక కుటుంబం చలికి గదులను వేడిచేసే ఏర్పాటుతో పాటు కొత్త స్నానాల గది కోరుకుంటే, పక్క కుటుంబం అద్దె పెరుగుతుందని కప్పు కారడం ఆపితే చాలంటుంది. ఇంజినీరు ఇద్దరి మాటా విని అదే మేడలో రెండు స్థాయిల పని చేయాలి. కాంట్రాక్టరుకు ఇది నచ్చదు, లెక్కల విభాగానికి అసలే నచ్చదు. మొత్తం మేడకు ఒకే నమూనా, ఒకే ధర, ఒకే గడువు ఉంటే వాళ్ళకు సులువు. ఆ సులువు కోసమే చాలా పథకాలు జనాన్ని ముందు బయటికి పంపుతాయి. క్రాయిట్స్‌బెర్గ్‌లో ఆ సులువును వదులుకున్నారు కనుకనే అక్కడి వేలాది కుటుంబాలు, వాటిలో టర్కీ నుంచి వలస వచ్చినవీ ఎన్నో, తమ ఇళ్ళలోనే మిగిలాయి.

అదే కాలానికి కొంచెం ముందు స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో కొందరు యువ ఆర్కిటెక్టులు గోవన్ పేటలోనే కార్యాలయం తెరిచారు. అక్కడి రాతి మేడల్లో మెట్ల దగ్గర ఉమ్మడి మరుగుదొడ్లు ఉండేవి. మేడలను కూల్చాలన్న వాదనకు అదే ప్రధాన కారణం. వాళ్ళు ఒక్కొక్క ఇంటి కొలతలు తీసుకుని, మంచం పట్టేంత గూడులా ఉండే పాత పడక మూలల్లో స్నానాల గదులు ఇమిడించారు. కూల్చివేతకు కారణమైన లోపం ఒక మూల సర్దుబాటుతో తీరిపోయింది. ఇంటింటికీ వెళ్ళి కొలతలు తీసేవాళ్ళు లేనప్పుడే లోపం భవనమంతటికీ పాకినట్టు కనిపిస్తుంది.

పరిరక్షణ అనే పేరుతోనే పేట పోయిన సందర్భం కూడా చెప్పాలి. టర్కీ 2005లో 5366 సంఖ్య గల చట్టం చేసింది. శిథిలమైన చారిత్రక ఆస్తులను పునరుద్ధరించి వాడుకలోకి తెచ్చి కాపాడడం దాని ఉద్దేశమని శీర్షికలోనే ఉంది. ఇస్తాంబుల్‌లో పాత కోట గోడల పక్కనున్న సులుకులే అనే పేటను ఆ చట్టం కిందే కూల్చారు. తరతరాలుగా రోమా (జిప్సీలని పిలిచే) సమాజం, సంగీతకారులు ఉన్న చోటు అది. వాళ్ళకు దాదాపు 40 కిలోమీటర్ల దూరాన ఫ్లాట్లు చూపించారు. నెలవారీ వాయిదాలు కట్టలేక, పని దొరక్క చాలామంది వాటిని వదులుకుని పాత పేట చుట్టుపక్కల ఇరుకు అద్దెలకు తిరిగి వచ్చారు. 2012లో న్యాయస్థానం ఆ పథకాన్ని రద్దు చేసేనాటికి కొత్త ఇళ్ళు చాలావరకు లేచిపోయాయి. తీర్పు వచ్చేదాకా కూల్చివేత ఆగాలన్న నియమం లేని చట్టం ఏ పేరు పెట్టుకున్నా పేటకు రక్ష కాదు.

ఒక్కోసారి కూల్చివేత అవసరం కూడా ఉండదు, బజారే ఆ పని చేస్తుంది. మలేషియాలోని జార్జ్ టౌన్‌లో 1948కి ముందు కట్టిన ఇళ్ళకు అద్దె నియంత్రణ ఉండేది. దానివల్ల యజమానులు మరమ్మతులు చేయించలేదన్నది నిజమే. తక్కువ అద్దెకు చిన్న వ్యాపారులు, చేతివృత్తులవాళ్ళు, ముసలివాళ్ళు ఆ ఇళ్ళలోనే కొనసాగారన్నదీ అంతే నిజం. ఆ నియంత్రణ 2000 జనవరి 1 నుంచి తొలగిపోయింది. నివాసులు ఖాళీ చేయడం మొదలైంది. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక ఆ ఇళ్ళ మీద హోటళ్ళ, కాఫీ దుకాణాల కన్ను పడింది. వెనిస్ సంగతి అందరికీ తెలిసిందే: 1951లో చారిత్రక ద్వీప నగరంలో సుమారు 1,75,000 మంది ఉండేవారు, 2022లో ఆ సంఖ్య 50,000 కన్నా కిందికి దిగింది. అక్కడ కట్టడాలకు ఏ చట్టరక్షణా కొరవడలేదు. అద్దె నియంత్రణను గుడ్డిగా కొనసాగించమని నేను అనడం లేదు. దాన్ని తీసేయదలచినప్పుడు మరమ్మతుకు సాయం, నివాసికి హామీ ముందుగా అమర్చకుండా తీసేస్తే, పేటను ఖాళీ చేయమని నోటీసు ఇచ్చినట్టే.

మంచి ఉద్దేశంతో, గొప్ప ప్రతిభతో చేసిన పని కూడా ఈ లెక్కలో తప్పవచ్చు. బీజింగ్‌లో ప్రొఫెసర్ వూ లియాంగ్‌యోంగ్ 1980ల చివర జూఆర్ హూతోంగ్ అనే సందులో శిథిలమైన ప్రాంగణ గృహాలకు బదులు, అదే ప్రాంగణ పద్ధతిలో రెండు మూడు అంతస్తుల ఇళ్ళు కట్టించారు. పాత నగరపు అల్లికను చెదరగొట్టకుండా ఎక్కువ కుటుంబాలకు చోటివ్వడమెలాగో ఆ నిర్మాణం చూపింది, అంతర్జాతీయ పురస్కారాలూ పొందింది. అయితే మొదటి దశలో పాత కుటుంబాల్లో కొద్ది భాగమే తిరిగి రాగలిగింది, ఎందుకంటే కొత్త ఇంటి ధరలో తమ వాటా చెల్లించడం మిగిలినవాళ్ళ శక్తికి మించిపోయింది. ఆర్కిటెక్ట్ చేయగలిగినదంతా చేసినా, డబ్బు లెక్క మరెవరి చేతిలోనో ఉంది.

అదే బీజింగ్‌లో 1950లో లియాంగ్ సిచెంగ్, చెన్ చాన్‌శియాంగ్ అనే ఇద్దరు నిపుణులు కొత్త ప్రభుత్వ కార్యాలయాల కేంద్రాన్ని పాత నగరానికి పడమరగా విడిగా కట్టమని ప్రతిపాదించారు. అది చెల్లలేదు. పాత నగరం మీదే కొత్త రాజధాని భారమంతా పడింది, ప్రాకారాలు పోయాయి, తరువాతి దశాబ్దాల్లో సందులు ఒక్కొక్కటే పోయాయి. పెరుగుదలను ఎక్కడికి పంపాలన్నది పేట లోపల తేలే విషయం కాదు, నగరం మొత్తం ప్రణాళికలో తేలాలి.

దీనికి ముడిపడినదే కట్టుబడి నిష్పత్తి, అంటే ఒక స్థలంలో ఎంత విస్తీర్ణం కట్టుకోవచ్చో చెప్పే అంకె. నా అభిప్రాయంలో పాత పేటలను బుల్డోజరు కన్నా ఎక్కువగా కూల్చినది ఈ అంకె. రెండంతస్తుల ఇళ్ళున్న వీధిలో ఆరంతస్తులకు అనుమతి ఉందని ప్రణాళికలో రాసిన రోజున, ఆ ఇంటి యజమాని దృష్టిలో ఇల్లు ఆస్తి కాకుండా పోతుంది, ఆస్తికి అడ్డం అవుతుంది. మరమ్మతు ఆగుతుంది, కప్పు కారుతుంది, దూలం పుచ్చుతుంది, చివరికి ప్రమాదకర భవనమని ఒక ధ్రువపత్రం వస్తుంది. వారసత్వ జాబితాలో పేరు చేర్చి నిష్పత్తిని అలాగే వదిలేసిన నగరం తన చేతితో తానే తన నియమాన్ని ఓడిస్తోంది. పేటలో ఇప్పుడున్న ఎత్తుకే అనుమతిని పరిమితం చేసి, యజమాని కోల్పోయిన హక్కును నగరంలో మరోచోట కట్టుకోవడానికి బదిలీ చేసుకోనివ్వడం ఒక మార్గం. న్యూయార్క్‌లో ఒక ప్రసిద్ధ రైల్వే స్టేషన్ విషయంలో అమెరికా సుప్రీంకోర్టు 1978లో నగర పరిరక్షణ నియమాన్ని సమర్థిస్తూ, ఇలా బదిలీ చేసుకోగల హక్కులు యజమాని మీది భారాన్ని తగ్గిస్తాయని గుర్తించింది. ఆ హక్కును కొనేవాళ్ళు ఉండాలంటే నగరం మరెక్కడా ఉచితంగా అదనపు అంతస్తులు పంచిపెట్టకూడదు. ఈ చిన్న సంగతిని మరచిన చోట బదిలీ హక్కు చెల్లని కాగితంగా మిగులుతుంది.

విద్యార్థులు ఉన్నారు కనుక మరమ్మతు గురించి కూడా నాలుగు మాటలు. పాత గోడల్లో సున్నం గచ్చు వాడారు. అది తేమను పీల్చి, తిరిగి గాలిలోకి వదులుతుంది. దాని మీద గట్టి సిమెంటు పూత వేస్తే తేమ లోపలే చిక్కుకుని, లవణాలు పేరుకుని, ఇటుక ముఖం పొరలుగా రాలిపోతుంది. గోడలో దిగిన దూలం చివర కుళ్ళిపోతుంది. మూడు నాలుగేళ్ళలో ఆ ఇల్లు ఇక పనికిరాదని మరో నివేదిక వస్తుంది, తప్పు ఇంటి వయసు మీదకు పోతుంది. కనుక మొదట కప్పు, తరువాత నీరు పోయే దారి, ఆ పైన గోడ; వీధి వైపు రంగులు అన్నిటికన్నా చివర. ఉమ్మడి గోడలున్న వరుసలో ఒక్క ఇంటిని తీసేస్తే దానికి రెండు పక్కలా ఉన్న ఇళ్ళు ఆసరా కోల్పోతాయి. కొత్త భవనం పునాది కోసం లోతుగా తవ్వితే లోతులేని పాత పునాదులు కదులుతాయి. ఒక్క అనుమతి ఇచ్చేటప్పుడు ఇంజినీరు మూడు ఇళ్ళ లెక్క చూడాలి.

సందులు ఇరుకు, అగ్నిమాపక వాహనం పోదు, కనుక రోడ్డు వెడల్పు చేయాలి అన్న వాదన దాదాపు ప్రతి నగరంలోనూ వినిపిస్తుంది. ప్రాణరక్షణ విషయంలో రాజీ పడమని నేనెన్నటికీ అనను. కానీ వాహనం సందులోకి రావడమే లక్ష్యం కాదు, నీరు సకాలంలో మంట దగ్గరకు చేరడం లక్ష్యం. జపాన్‌లోని షిరకావా-గో గ్రామంలో గడ్డి కప్పుల చెక్క ఇళ్ళు నిండి ఉన్నాయి. ఇళ్ళ చుట్టూ నీటి ఫిరంగులు పాతిపెట్టి, నివాసులే వాటిని తిప్పేలా ఏర్పాటు చేసుకున్నారు. సందుల్లో పీడనం గల నీటి గొట్టాలు, చిన్న వాహనాలు, సరిచేసిన విద్యుత్ తీగలు, పొరుగువారికి శిక్షణ అనే నాలుగూ కలిస్తే చాలాచోట్ల ఒక్క ఇల్లు కూడా పోకుండా ప్రమాదం తగ్గుతుంది. రోడ్డు వెడల్పు ప్రతిపాదన వచ్చినప్పుడు ఈ ప్రత్యామ్నాయానికి అంచనా వేశారా అని అడగండి.

పాత పేటల్లో బతుకు కష్టంగా ఉంటుందన్న మాటను దాటవేసే హక్కు నాకు లేదు. గాలి రాని గదులు, మురుగు పొంగే కాలువలు, మెట్లెక్కలేని ముసలివాళ్ళు నిజం. ఆ ఇళ్ళను ఉన్నవి ఉన్నట్టు గాజు పెట్టెలో పెట్టమనడం అక్కడ ఉండని వాళ్ళ కోరిక. కొన్ని ఇళ్ళు నిజంగానే నిలబడవు, వాటిని తీయాల్సిందే. అప్పుడు తీసినచోట అదే కొలతలో, అదే ఎత్తులో, ముందున్న కుటుంబాలకే ఇళ్ళు రావాలి. ఏది నిలబడుతుందో ఏది నిలబడదో తేల్చే ఇంజినీరు, ఆ స్థలంలో కొత్త భవనం కట్టబోయేవాళ్ళ దగ్గర జీతం తీసుకునే వ్యక్తి కాకూడదు.

జపాన్‌లోనే త్సుమాగో అనే పాత రహదారి మజిలీ ఊరి ప్రజలు 1971లో తమంతట తామే ఒక నియమావళి రాసుకున్నారు: అమ్మం, అద్దెకివ్వం, కూల్చం. ప్రభుత్వం చట్టం చేయడానికి నాలుగేళ్ళ ముందు మాట ఇది. పెద్ద నగరంలో ఇంత కచ్చితమైన కట్టుబాటు సాధ్యం కాదు, ఎందుకంటే అక్కడ ఇంటి యజమాని వేరు, నివసించే మనిషి వేరు. అక్కడ కాగితం మీద రాసిన హామీలు కావాలి. టెండరు పిలవడానికి ముందే ఏ ఇంట్లో ఎవరున్నారో పేరుపేరునా నమోదు చేసి, ఆ జాబితాను పేటలోనే బహిరంగంగా ఉంచాలి. పథకం ప్రకటించాక ఖాళీ చేయించినవాళ్ళ పేర్లు కూడా అందులో నిలవాలి. అద్దె రసీదు లేని మనిషికి ఇరుగుపొరుగు సాక్ష్యం చాలాలి, ఎందుకంటే రసీదులు లేనివాళ్ళే ముందుగా మాయమవుతారు. తాత్కాలిక నివాసం పిల్లలు అదే బడికి నడిచి వెళ్ళగలిగేంత దగ్గరలో ఉండాలి. తిరిగి వచ్చే హక్కు, తిరిగి వచ్చాక ఉండే అద్దె, రెండూ సంతకంతో వాళ్ళ చేతిలో ఉండాలి.

మిగిలిన చిక్కు కాలపరిమితి. సాయం తీసుకున్న యజమాని మీద పెట్టిన అద్దె షరతు పదిహేనేళ్ళకో ఇరవై ఏళ్ళకో ముగుస్తుంది. అప్పటికి పేట బాగుపడి ఉంటుంది, పేరు తెచ్చుకుని ఉంటుంది, అద్దె ఒక్కసారిగా ఎగబాకుతుంది. బెర్లిన్ ఈ దెబ్బను చూసింది. జర్మనీ నిర్మాణ చట్టంలోని 172వ సెక్షన్ కింద ఒక ప్రాంతపు నివాసుల కూర్పును కాపాడడానికి, అద్దె పెంచే ఆడంబరపు మార్పులకు అనుమతి నిరాకరించే అధికారం స్థానిక సంస్థకు ఉంది. అది కొంత మేలు చేసింది, పూర్తిగా ఆపలేదు. ఇంకా గట్టి మార్గం యాజమాన్యంలోనే ఉంది. గ్లాస్గోలో మేడలను బాగుచేసిన పని క్రమంగా నివాసులే నడిపే గృహసంఘాల చేతికి వచ్చింది; అలాంటి సంఘాలు నేటికీ ఇళ్ళను తమ అధీనంలో ఉంచుకుని అద్దెకిస్తున్నాయి. అమెరికాలోని బర్లింగ్టన్ నగరం 1984లో ఒక భూమి ట్రస్టుకు అండగా నిలిచింది. నేల ట్రస్టుది, ఇల్లు కుటుంబానిది, అమ్మేటప్పుడు ధరకు హద్దు ఉంటుంది కనుక తరువాత వచ్చేవాళ్ళకూ అది అందుబాటులోనే ఉంటుంది. నగరపాలక సంస్థలు పాత పేటల్లో తమ చేతికి వచ్చిన ఇళ్ళను, పన్ను బకాయిల కింద స్వాధీనమైన స్థలాలను వేలం వేసే బదులు ఇలాంటి సంఘాలకు అప్పగిస్తే, పదేళ్ళలో ప్రతి వీధిలో కొన్ని ఇళ్ళైనా బజారు పట్టు నుంచి శాశ్వతంగా బయటపడతాయి. ఈ సభలో ఉన్న అధికారులు తమ కార్యాలయాల్లో అలాంటి ఆస్తుల జాబితాను ఈ నెలలోనే తీయించమని నా మనవి. ఇక మీ ప్రశ్నలు వింటాను.